బొంగులో కోడికూర

విదేశాల్లో వనవిహారానికి వెళ్లినవాళ్లు మాంసం, కూరగాయలు అల్యూమినియం రేకులో పొట్లం కట్టి నిప్పుల మీద కాలుస్తారు. మన మన్యంలో ఆ పని పచ్చి వెదురు చేస్తుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు వెళ్తే మారేడుమిల్లి. అక్కడి బొంగు చికెన్ ఆ ప్రాంత గిరిజనులైన కొండరెడ్ల వంటల్లోంచి వచ్చిందే.

ఒకవైపు కణుపు ఉండేలా బొంగును నరుకుతారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు అందులో కూరి, మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె చుక్క వెయ్యరు. నిప్పుల మీద తిప్పుతూ ఉంటే వెదురులోని తేమ, మాంసంలోని నీరు ఆవిరై ముక్కను లోపలే ఉడికిస్తాయి. అందుకే పచ్చి బొంగే కావాలి. ఎండుదైతే కూర ఉడికేలోపే అంటుకుంటుంది. ఆ ముక్కకు పట్టే లేత వెదురు వాసన ఏ రేకు పొట్లమూ ఇవ్వలేదు, ఇది నా గట్టి నమ్మకం.

రేకు వాడేవాళ్లకు ఒక మాట: నిమ్మరసం, చింతపండు పులుపు అల్యూమినియాన్ని కరిగిస్తాయి. లోపల అరటాకు పరిచి చుట్టండి.

అడవిలో వండితే, బయల్దేరే ముందు నిప్పుల మీద నీళ్లు పోసి, బూడిద చల్లబడిందో లేదో చూసి మరీ కదలండి.