తోడి ఉద్యోగుల పరిచయము

బదిలీ ఉత్తరువు చేతికి వచ్చిన నాడు ఉద్యోగి మొదట ఆలోచించునది ఇల్లు దొరకునా, పిల్లలకు బడి దొరకునా అని. చార్జి పుచ్చుకొను నాడు చూచుకొనునది ఇనుప పెట్టె తాళములు, నగదు పుస్తకము, బల్లలు కుర్చీల జాబితా. కాలు విరిగిన కుర్చీని సైతము లెక్క చూచి సంతకము చేయుదుము. ఆ కుర్చీలలో కూర్చుండువారిని గూర్చి మాత్రము ఆ జాబితాలో ఒక్క ముక్క ఉండదు. హాజరు పట్టీలో పేర్లుండును, అంతే. క్రొత్తగా వచ్చినవానికి, అందునా పై అధికారిగా వచ్చినవానికి, వారితో పరిచయము ఎట్లు కలుగును? ఈ విషయమున మా అనుభవములోని కొన్ని సంగతులు నేడు శ్రోతలకు విన్నవింతుము.

మొదటి దినమున స్వాగత సభ ఒకటి జరుగును. పూలదండ, రెండు బిస్కట్లు, ఒక కప్పు తేనీరు. ఒక్కొక్కరు లేచి పేరును, హోదాను చెప్పి కూర్చుందురు. మర్యాద కొరకు అది ఉండవలసినదే. ఆ సభలో ఎవరును ఎవరిని ఎరుగజాలరు.

తెలుగు దేశములో ఈ చిక్కు మిక్కిలి పెద్ద యెత్తున ఎదురైన దినము 1956 నవంబరు 1. అంతకు మూడేండ్ల ముందు, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. ఆ ఊర డేరాలలో కచేరీలు నడిపిన ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైదరాబాదునకు తరలి వచ్చిరి. వారు వచ్చునప్పటికి అక్కడి వారి స్థితి యేమి? హైదరాబాదు రాష్ట్రములోని మరాఠీ జిల్లాలు బొంబాయిలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను ఆ దినముననే కలిసెను. పెక్కేండ్లు ప్రక్క బల్లలపై పనిచేసిన మిత్రులు కొందరు అటును, కొందరు ఇటును వెళ్ళిపోయిరి. పాతవారికి వీడ్కోలు చెప్పుటయు, క్రొత్తవారికి చోటిచ్చుటయు ఒక్కసారే జరిగెను. ఈ రెండవ సంగతిని వచ్చినవారు ఎందరు తలచిరో!

అటు పదునొకండు జిల్లాలు, ఇటు తొమ్మిది జిల్లాలు. అందరిది తెలుగే గనుక, వేరుగా పరిచయ మేల అని అనుకొనిరి. చిక్కంతయు అక్కడనే యుండెను. ఒకరిది మద్రాసు పద్ధతి, ఇంగ్లీషు రాత. మరియొకరు నిజాము పాలనలో ఉర్దూలో కచేరీ నడిపినవారు, ఉర్దూలో చదువుకొన్నవారు. అటు కరణము, ఇటు పట్వారీ. అటు అడంగలు, ఇటు పహాణీ. ఫసలీ అను మాట ఇరువురికిని కలదు. కాని మద్రాసు ఫసలీ జూలైలో మొదలగును, నిజాము ఫసలీ అక్టోబరులో మొదలయ్యెడిది. మాట వేరైనచో అడిగి తెలిసికొందుము. మాట ఒక్కటియై అర్థము వేరైనచో అడుగను కూడ అడుగము. పలకరింపులోను ఇదే తంతు. ఆత్మీయతతో 'నువ్వు' అన్నచో కోస్తావారికి కోపము. మాటమాటకు 'అండి' చేర్చినచో అది నటన యని తెలంగాణము వారికి అనుమానము.

పిదప ఉమ్మడి జ్యేష్ఠతా పట్టికల తగవు ఏండ్ల తరబడి సాగెను. 1969 నాటి ఉద్యమము, 1973 నాటి ఆరు సూత్రములు, తుదకు 2014 జూన్ 2 నాటి విభజన, ఇవన్నియు శ్రోతలెరిగినవే. ఆ చరిత్రలో తప్పొప్పులెంచుట మా పని కాదు. ఎదుటి బల్లవానిని పట్టికలోని అంకెగా ముందెరిగి, మనిషిగా తరువాత ఎరుగవలసి వచ్చుట ఎంత కష్టమో మాత్రము మాకు స్వయముగ తెలియును.

1980 ప్రాంతమున మేము డిప్యూటీ కలెక్టరుగా తెలంగాణములోని ఒక జిల్లాకు భూసేకరణ పనిపై వెళ్ళితిమి. మేము పుట్టి పెరిగినదియు, అంతవరకు కొలువు చేసినదియు కృష్ణా తీరమున. మొదటి వారములో ఒక వృద్ధ గుమాస్తా మా యెదుట నిలిచి, "ఆ మిసిల్ పంపమంటారా సార్?" అని అడిగెను. "ఈ మాటలు ఇంకెన్నాళ్ళు? ఫైలు అనరాదా?" అని నలుగురిలో అంటిమి. అందరును నవ్విరి; ఆయన నవ్వలేదు. ఫైలు కూడ తెలుగుమాట కాదను సంగతి ఆ క్షణమున మాకు తోచలేదు.

నాలుగు దినముల పిదప కాలువ క్రింద పోవు భూముల పరిహార పట్టిక మా యొద్దకు వచ్చెను. ఒక రైతు పేరిట విస్తీర్ణము 2.20 అని టైపు చేయబడి యుండెను. ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున ఆయనకు 10,000 చూపబడెను. మేము కాగితముపై హెచ్చవేసి చూడగా 8,800 వచ్చెను. ఎఱ్ఱ సిరాతో కొట్టివేసి, అంకె దిద్ది, "లెక్క సరిగా చూడవలెను" అని అంచున వ్రాసి పంపితిమి. మరునాటికి పట్టిక దిద్దబడి వచ్చెను. సంతకము చేసితిమి. మా నిశిత దృష్టికి కొంత గర్వపడితిమి కూడ.

నోటీసు అందుకొన్న రైతు వచ్చెను. పహాణీ నకలు మడతలు విప్పి బల్లపై పెట్టి, "నాది రెండున్నర ఎకరాల భూమి సారూ. నీ కాగితంల తక్కువ పడ్డది" అనెను. అప్పుడు చూచితిమి. అది 2 ఎకరముల 20 సెంట్లు కాదు, 2 ఎకరముల 20 గుంటలు. మా వైపు ఎకరమునకు నూరు సెంట్లు. అక్కడ ఎకరమునకు నలువది గుంటలు. ఇరువది గుంటలనగా సరిగా అర ఎకరము. గుంటల సంగతి మేమెరుగనిది కాదు, పరీక్షలకు చదివినదే. కాని చేయి పాత అలవాటున పోయెను. ఆ అలవాటు ఆ రైతు భూమిలో పండ్రెండు గుంటలను, ఆయన సొమ్ములో 1,200 రూపాయలను మ్రింగెను.

పట్టిక వ్రాసినది ఆ వృద్ధ గుమాస్తాయే. పిలిచి, తెలిసియు ఏల చెప్పలేదని అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మీరు అడగలేదు సార్. ఎఱ్ఱ సిరా పెట్టినంక మేమేం చెప్తం?" అనెను. ఆ మాటలో ధిక్కారము లేదు. అందువలననే అది మమ్ము ఎక్కువ బాధించెను. మిసిల్ అను మాటకు మేము నవ్వించిన నవ్వు రైతు ఇంటి వరకు పోయెనని తెలిసికొంటిమి.

పట్టికను వెంటనే సవరించి, రైతునకు క్షమాపణ చెప్పితిమి. మరునాడు భోజనానంతరము ఆ గుమాస్తా బల్ల యొద్దకే మా కుర్చీ వేయించుకొని, పహాణీ గళ్ళు ఒక్కొక్కటిగా నేర్పుమని కోరితిమి. మొదట ఆయన నమ్మలేదు, నిలుచుండియే చెప్పెను. మూడవ నాటికి కూర్చుండెను. వారము తిరుగునప్పటికి, "మీ అడంగల్ల గిది ఏడ రాస్తరు సార్?" అని ఆయనయే మమ్ము అడిగెను. మా పరిచయము మొదలైనది ఆ ప్రశ్నతోనే యని మా లెక్క.

అటు పిమ్మట తక్కినవారును దగ్గరకు వచ్చిరి. టైపు చేయు ఆమె చుక్కకు బదులు ఎకరములు, గుంటలు అని విడివిడిగా కొట్టిన బాగుండునని ఎన్నడో అనుకొన్నదట, ఎవరును అడుగలేదు. సర్వే గొలుసు మోయు చైన్‌మన్ ఏ ఊర ఏ హద్దు రాయి కదలినదో నోటితో చెప్పగలడు. ఇవి ఏ రిజిస్టరులోను లేవు.

ఒక్క మాట ఇక్కడ చెప్పవలెను. క్రొత్తవారిని ఇంటిపేరడిగి, ఊరడిగి, మెల్లగా కులము కూపీ తీయు అలవాటు మనలో కలదు. కొందరు దానినే కలుపుగోలుతనమందురు. మాకు అది సమ్మతము కాదు. అధికారి ఆ కూపీ తీసిన నాడే కార్యాలయము రెండు ముఠాలగును. పని గూర్చి అడిగిన ప్రశ్న ఎవరిని వెలివేయదు. ఇంటి సంగతులు వారంతట వారే, సమయము వచ్చినప్పుడు చెప్పుకొందురు. ఆ గుమాస్తా కుమారుని చదువు సంగతి మాకు తెలిసినది ఆరు నెలల పిదప.

రెండేండ్లకు మాకు మరల బదిలీ అయ్యెను. చార్జి అప్పగించు నాడు తాళములు, నగదు పుస్తకము, కుర్చీల జాబితాతో పాటు మరియొక కాగితమును మా తరువాతి అధికారి చేతికిచ్చితిమి. ఎవరికి ఏ పని బాగుగా తెలియునో, ఏ సంగతికి ఎవరి నడుగవలెనో అందులో పేరు పేరున వ్రాసి యుండెను. ఆయనయు కోస్తావారే. కాగితము చదివి, నిలుచుండియే, "పహాణీ తెలిసినవారెవరు?" అని హాలులోనికి చూచెను. వృద్ధ గుమాస్తా లేచి నిలిచెను. ఆయన పదవీ విరమణకు అప్పటికి నాలుగు నెలలే మిగిలి యుండెను.