ఎరవు సొమ్ము - న్యాసధర్మము



శరన్నవరాత్రులలో మూలానక్షత్రమునాడు మనము పుస్తకములను పీఠముపై ఉంచి సరస్వతీపూజ చేయుచున్నాము. కొన్ని ఇండ్లలో ఆ పీఠముమీద అచ్చుపుస్తకముల సరసన పసుపుగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట కూడ ఉండును. అందులో ఏమున్నదో ఇంటివారికి తెలియదు. తాతగారు పూజించినారు, తండ్రిగారు పూజించినారు, మేమును పూజించుచున్నాము అందురు.

మొన్న అట్టి గృహస్థుడొకరు నా వద్దకు వచ్చి ఒక సందేహము అడిగినారు. "శాస్త్రిగారూ, విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్న అబ్బాయి ఒకడు మా ఇంటికి వచ్చి, ఆ కట్టను మూడు నెలలకు ఇమ్మని అడిగినాడు. ఇచ్చినచో తిరిగి వచ్చునో రాదో. ఇవ్వకున్నచో విద్యను దాచిన దోషము అంటునేమో. ఏమి చేయమందురు?" ఇది ఆయన ఒక్కరి సందేహము కాదు. అందుచేత నేటి ప్రసంగమునకు దీనినే విషయముగా గ్రహించుచున్నాను.

మొదట మాటను పరిశీలింతము. తెనుగులో అప్పు వేరు, ఎరవు వేరు. అప్పు తెచ్చిన రూపాయికి మరియొక రూపాయి ఇచ్చిన తీరిపోవును. ఎరవు తెచ్చిన నగకు బదులుగా మరియొక నగ ఇచ్చిన తీరదు. ఆ నగనే తిరిగి ఇవ్వవలెను. ధర్మశాస్త్రము దీనిని యాచితకమన్నది. నమ్మి ఒకరిచేత ఉంచినది నిక్షేపము. లోపలనేమున్నదో చెప్పక, ముద్రవేసి ఒప్పగించినది ఉపనిధి. ఒకరిచేతినుండి మరియొకరి చేతికి మారినది అన్వాహితము. యాజ్ఞవల్క్యస్మృతి వీటన్నిటికిని ఒకే విధి చెప్పినది. రాజువలననో, దైవవశముననో, దొంగలవలననో పోయినచో ఉంచుకొన్నవాని తప్పు లేదు. సొంతదారు అడిగిన పిమ్మటను ఇవ్వక జాగు చేయగా పోయినచో సొమ్మును, దానితోబాటు దండమును చెల్లింపవలెను. అనుమతి లేక తన ఇష్టము చొప్పున దానితో లాభము పొందినవాడు వృద్ధితో సహా ఇవ్వవలెను. ఈ మూడు మాటలు చాలును. జాగ్రత్త, అడిగిన వెంటనే ఇచ్చుట, అనుమతి. ఎరవు ధర్మమంతయు వీటిలోనే ఉన్నది.

ఈ ధర్మమును ఆచరించి చూపినవాడు భరతుడు. పదునాలుగేండ్లు రాజ్యమును తనది అనుకొనలేదు, అన్నగారి న్యాసమనుకొన్నాడు. శ్రీరామచంద్రుడు తిరిగి రాగానే పాదుకలను తన చేతులతో ఆయన పాదములకు తొడిగి, రాజ్యమును అప్పగించినాడు. అంతటితో ఆగలేదు. కోశమును, ధాన్యాగారమును, సైన్యమును పదిరెట్లు చేసి అప్పగించుచున్నాననియు విన్నవించుకొన్నాడు. న్యాసము తీసికొన్నవాడు తిరిగి ఇచ్చుట కనీసధర్మము. పెంచి ఇచ్చుట ఉత్తమధర్మము.

దీనికి ఎదురుగా అరణ్యకాండలో సీతమ్మవారు స్వామికి చెప్పిన కథ ఒకటి ఉన్నది. ఒక తపస్వి వద్దకు ఇంద్రుడు యోధుని వేషమున వచ్చి ఒక ఖడ్గమును న్యాసముగా ఉంచినాడు. పాపము, ఆ తపస్వికి దురాశ లేదు. న్యాసమును కాపాడవలెనన్న శ్రద్ధతోనే, కందమూలములకు పోయినను ఆ కత్తిని వెంట తీసికొని పోయెడివాడు. నిత్యము చేతనుండుటచే క్రమముగా ఆయన బుద్ధియే మారినది, తపస్సు పోయినది, చివరకు నరకము ప్రాప్తించినది. అమ్మవారు ఈ కథను ఆయుధమును గూర్చి చెప్పినారు. కాని ఎరవు తెచ్చిన ప్రతి వస్తువునకు ఇది వర్తించును. పరుల సొమ్ము చాలకాలము మన ఇంట ఉన్నచో, అది పరులదన్న భావము మెల్లగా కరిగిపోవును. దొంగబుద్ధి ఒక్కనాడు పుట్టదు. రేపు ఇత్తములే అన్న మాటలో పుట్టును.

ఇది నేను పుస్తకములలో చదివి మాత్రమే చెప్పుట లేదు. నాకు ఇరువది ఆరేండ్ల వయస్సున, మా పాఠశాలకు నాలుగు క్రోసుల దూరమున ఉన్న గ్రామములో ఒక వృద్ధుని వద్ద గృహ్యసూత్ర వ్యాఖ్య తాళపత్రప్రతి ఉన్నదని విని వెళ్ళినాను. ఆయన నా కులగోత్రములు అడిగినారు, మా గురువుగారి పేరు అడిగినారు, కట్టను కన్నులకద్దుకొని నా చేతిలో పెట్టినారు. కాగితము లేదు, సాక్షి లేడు. నలువది దినములలో తెత్తునని చెప్పినాను. ప్రతి వ్రాసికొనుట నెలకే ముగిసినది. పాఠభేదములు మరియొకసారి చూచుకొందమని ఉంచినాను. ఆయనవద్దనుండి రెండు కార్డులు వచ్చినవి. మొదటిదానికి బద్ధకముచేతను, రెండవదానికి సిగ్గుచేతను జవాబు వ్రాయలేదు. మూడేండ్లు గడచినవి.

తుదకు తీసికొని వెళ్ళినాను. ఆయన గతించి ఎనిమిది నెలలైనది. ఆ ఇంటి పూజాపీఠముపై, గ్రంథముండవలసిన చోట, దానిని చుట్టెడి పసుపుగుడ్డను మాత్రము మడిచి పెట్టియున్నారు. మూడు నవరాత్రులు ఆ గుడ్డకే పూజ జరిగినది. నేను కన్నెత్తి చూడలేకపోతిని. ఆ తల్లి ఆకులు లెక్కపెట్టలేదు; రెండు ఆకుల అంచులు విరిగియుండగా అదియు అడుగలేదు. మజ్జిగ ఇచ్చి ఒక్క మాట అన్నది. "ఆయన కోప్పడలేదు నాయనా. ప్రతి పండుగకూ ఆ పిల్లవాడు వచ్చినాడా అని అడిగేవారు."

కొన్నాళ్ళకు మా పాఠశాలనుండియే మరియొక విద్యార్థి అదే గ్రామమునకు మరియొక గ్రంథమునకై వెళ్ళినాడు. ఒకరికి ఇచ్చి చూచినామని చెప్పి గ్రామస్థులు పంపివేసినారు. నా అపరాధమునకు దండము అతడు చెల్లించినాడు. ఎరవు తెచ్చి ఆలస్యము చేసినవాడు ఒక ఇంటికి మాత్రమే ద్రోహము చేయడు. తన వెనుక రానున్న వారందరికిని తలుపులు మూయించును.

అట్లని తలుపులు మూసికొనుట ధర్మమా? కాదు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు తంజావూరు ప్రాంతపు పండితుడొకరు ఒక తాళపత్రగ్రంథమును అప్పగించినారు. అక్కడి రుద్రపట్నం శ్యామశాస్త్రిగారు దానిని చదివి, కౌటిల్యుని అర్థశాస్త్రమని 1905లో లోకమునకు తెలిపి, 1909లో అచ్చు వేయించినారు. ఆ 1909లోనే గణపతిశాస్త్రిగారికి పద్మనాభపురము చెంత మణలిక్కర మఠములో లభించిన ఆకులే భాసనాటకములుగా ప్రసిద్ధికెక్కినవి. మన తెనుగునాట బ్రౌను దొర ఊరూర ప్రతులు సేకరించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆ కట్టలు విప్పి ఇచ్చిన చేతులు లేకున్నచో ఆ విద్య మనదాక రాదు. విప్పని కట్టను చెదలు చదువును. పూజ జరుగుచునే యుండును, లోపల అక్షరము ఉండదు.

కావున ఇచ్చువారికి కొన్ని మాటలు. మొదట పరిశోధకుని మీ ఇంటనే కూర్చుండబెట్టి చదువుకొననిండు. ఛాయాచిత్రములతో పని తీరునేమో అడుగుడు. నేడు చేతిలోని ఫోనుతోనే అది సాధ్యము. ఇల్లు దాటించుట తప్పనిసరియైనచో అతని గురువుగారి వద్దనుండియో, సంస్థనుండియో లేఖ తెమ్మనుడు. ఇద్దరును కూర్చుండి ఆకులు లెక్కపెట్టుడు; విరిగినవెన్ని, పురుగు తిన్నవెన్ని వ్రాయుడు; తిరిగి ఇవ్వవలసిన తిథిని, తేదీని వ్రాసి ఇద్దరును సంతకము చేయుడు. ఇది అపనమ్మకము కాదు. కాగితము లేకపోవుటచేతనే నావంటివానికి నలువది దినములు మూడేండ్లైనవి. నియమములన్నియు ఇచ్చునాడే చెప్పుడు. ఇచ్చిన పిమ్మట క్రొత్తవి కల్పింపకుడు, గడువు లోపల అనుమానించి వేధింపకుడు. మరియొక సంగతి. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము, డెబ్బది అయిదేండ్లకు తక్కువ కాని, చారిత్రకముగనో సాహిత్యముగనో విలువగల వ్రాతప్రతిని ప్రయివేటువారు దేశము దాటించుట నేరము. విదేశమునకు పంపుదునన్నవానికి ఇవ్వకుడు.

తీసికొనువారికి కొన్ని మాటలు. ఉదంకుని కథ తలచుకొనుడు. గురుపత్నికొరకు తెచ్చుచున్న కుండలములను, తక్షకుడు కాచుకొని యున్నాడని హెచ్చరింపబడియు, క్షణకాలము నేలపై ఉంచినాడు. అవి పాతాళమునకు పోయినవి. గ్రంథమును చేతిసంచిలోనే తీసికొని పోవుడు. ఇతర సామానులో వేయకుడు. ఎండిన ఆకును బలవంతముగా విప్పకుడు. నిమ్మగడ్డి నూనె రాయుట, అక్షరములు కనబడుటకు మసి పూయుట సొంతదారుని అడుగక చేయకుడు. మరియొకరి చేతికి ఇవ్వకుడు. అనుమతి లేక చిత్రములను నలుగురికిని పంపకుడు. గడువు చాలకున్నచో గడువుకు ముందే చెప్పుడు. ఆకు విరిగినచో దాచక చెప్పుడు. విరిగిన ముక్కను కూడ తిరిగి ఇవ్వుడు. ఆ ఇంటివారు కోరినచో పీఠికలో వారి పేరు స్మరించుడు. గ్రంథములో ఏమున్నదో వారికి అర్థమగునట్లు చెప్పి, తేటగా వ్రాసిన ప్రతిని ఇచ్చి రండు. తమ ఇంట తరతరములుగా ఏమి పూజింపబడినదో వారు తెలిసికొన్ననాడు మీరు భరతునివలె పెంచి ఇచ్చినవారగుదురు.

ఆ గృహస్థునికి నేను చెప్పినది ఇంతే. "ఇవ్వండి. లెక్కపెట్టి ఇవ్వండి. పూజలో ఆ చోటు ఖాళీగా ఉన్నన్నాళ్ళు ఆ అబ్బాయి సద్బుద్ధి కొరకు అమ్మవారికి ఒక నమస్కారము చేయండి." ఆ అబ్బాయిని కూడ పిలిపించి, ఆ పసుపుగుడ్డ సంగతి చెప్పినాను. అతడు తలవంచుకొని విన్నాడు. వచ్చే మూలానక్షత్రమునకు పది దినముల ముందే తెచ్చి ఇత్తునని తానే తేదీ వ్రాసి సంతకము చేసినాడు.

ఈ దేహమును, ఈ విద్యను కూడ పరమేశ్వరుడు మనకు ఎరవిచ్చినవే. అడిగిననాడు అంచు విరుగకుండ అప్పగించు భాగ్యమును ఆ తల్లి మనకందరికిని ప్రసాదించుగాక.

స్వస్తి.