ఆస్తిలో వాటా, పుట్టింట్లో చోటు

 

నేటి స్త్రీవాదం ముందున్న సవాళ్ల గురించి మాట్లాడమని నన్ను ఈ స్నాతకోత్సవానికి పిలిచారు. ఆ మాట అనగానే పని చోట వేధింపులు, జీతాల్లో తేడా, చట్టసభల్లో సీట్లు గుర్తొస్తాయి. అవన్నీ పెద్ద విషయాలే. మహిళా రిజర్వేషన్ కోసం 2023లో రాజ్యాంగాన్ని సవరించుకున్నా, దాని అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. అయితే నేను సివిల్ కోర్టుల్లో పనిచేసే న్యాయవాదిని. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి భూముల తగాదాలు. అందుకని దగ్గరగా చూసిన ఒక్క విషయమే చెబుతాను. అది కూతురి ఆస్తి హక్కు.

ఈ హక్కు విషయంలో తెలుగునాడు దేశానికి దారి చూపించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చింది కానీ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం కొడుకులకే ఉంచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం దాన్ని మార్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణతో కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారు అయింది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన వాళ్లకు మాత్రం వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టినా అక్కకు లేని హక్కు చెల్లెలికి వచ్చిన ఇళ్లున్నాయి. తర్వాత 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్ర అదే బాట పట్టాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్ట సవరణతో ఈ హక్కు పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా దేశమంతటా వర్తించింది. ఆ రోజుకు తండ్రి బతికుంటేనే హక్కా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించుకున్నాం. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనకు తెరదించింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే లేదంది.

అంటే చట్టం తన వంతు పని చాలావరకు చేసింది. ఇప్పుడు ఏదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఒక పూట కూర్చోండి. తండ్రి సంవత్సరీకం అయ్యాక అన్నదమ్ములు కారు మాట్లాడి అక్కచెల్లెళ్లను తీసుకొస్తారు. దస్తావేజు లేఖరి అప్పటికే కాగితాలు సిద్ధం చేసి ఉంచుతాడు. తోబుట్టువుల మీద ప్రేమాభిమానాలతో తన హక్కు వదులుకుంటున్నట్టు అందులో రాసి ఉంటుంది. “ఎక్కడ పెట్టాలిరా సంతకం?” అని ఆమె తమ్ముణ్ణి అడుగుతుంది. ఏం రాశారని అడగదు. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన బొటనవేలును యంత్రం గుర్తుపట్టదు. పైటకొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. రెండోసారీ పడదు. మూడోసారి తమ్ముడే ఆమె వేలు పట్టుకుని నొక్కి పెడతాడు. పని అయ్యాక అందరూ కలిసి హోటల్లో భోంచేస్తారు. చీర పెట్టి బస్సెక్కిస్తారు.

ఇందులో బెదిరింపు లేదు, తిట్టు లేదు. అందుకే దీన్ని అన్యాయం అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఎందుకు సంతకం పెట్టావమ్మా అని ఎందరినో అడిగాను. చదువు లేని వాళ్లనూ, పట్టభద్రులనూ, బ్యాంకుల్లో పనిచేసే వాళ్లనూ. జవాబు దాదాపు ఒకటే. పుట్టింటికి రాకపోకలు ఉండాలి కదా. కూతురి పెళ్లికి మేనమామ వచ్చి నిలబడాలి. తనకు ఒడిబియ్యం పోయడానికి అన్న ఉండాలి. మొగుడు చేయి చేసుకున్న రాత్రి తలుపు తట్టడానికి ఒక గుమ్మం కావాలి. ఆమె అమాయకురాలేమీ కాదు. ఎకరం విలువ ఎంతో ఆమెకు తెలుసు. ఎకరం అడిగితే ఏం పోతుందో అంతకంటే బాగా తెలుసు. లెక్క వేసుకునే సంతకం పెట్టింది.

నేటి స్త్రీవాదానికి అసలు కష్టం ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. పగవాడి మీద దావా వేయవచ్చు. రాఖీ కట్టిన చేతి మీద ఎలా వేస్తుంది? హక్కు అడిగితే బంధం తెగుతుందన్న భయాన్ని ఏ చట్టసభా రద్దు చేయలేదు. ఆ పని ఇళ్లలో జరగాలి. అందులోనూ మొదట మగపిల్లల వైపు నుంచి జరగాలి.

“కట్నం ఇచ్చాం కదా, అదే దాని వాటా” అనే మాట మీరు వినే ఉంటారు. కట్నం ఎవరి చేతికి వెళ్లింది? మామగారి చేతికో, అల్లుడి వ్యాపారంలోకో. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నేరమంది. ఒకవేళ తీసుకుంటే ఆ సొమ్మును ఆ అమ్మాయికే అప్పగించాలని కూడా అదే చట్టం చెబుతోంది. అప్పగించిన ఇంటిని నా వృత్తిలో నేను చూడలేదు. ఒక నేరాన్ని చూపించి ఒక హక్కును కొట్టేయడం ఏ లెక్కన న్యాయం?

మీలో కొందరు అమ్మాయిలు అనుకుంటూ ఉండవచ్చు, నాకు ఉద్యోగం ఉంది, ఆ చెక్క భూమి నాకెందుకని. ఉద్యోగం గొప్ప బలం, కాదనను. కానీ 2024 జాతీయ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు ఇచ్చేది 88 నిమిషాలు. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయిన ఇంజనీర్లను నేను హైదరాబాద్‌లోనూ చూశాను, డల్లాస్‌లోనూ చూశాను. జీతం ఆగిపోయిన రోజున కూడా పేరు మీద ఉన్న ఆస్తి ఆగదు. తిరువనంతపురం జిల్లాలో బీనా అగర్వాల్, ప్రదీప్ పండా చేసిన అధ్యయనం ఒకటుంది. ఏ ఆస్తీ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు. భూమీ ఇల్లూ రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 7 శాతం. ఎక్కడికైనా వెళ్లగలిగే మనిషి మీద చెయ్యి అంత తేలిగ్గా లేవదు.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. వాటా అడగడానికి కుటుంబానికి ముందు ఆస్తి ఉండాలి. తరతరాలుగా భూమికి దూరంగా ఉంచిన దళిత కుటుంబాల్లో కూతురికీ కొడుకుకీ సమానంగా దక్కేది శూన్యమే. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి నేను చెప్పిన సవరణలూ తీర్పూ మన ఏజెన్సీ ఆడబిడ్డల దాకా చేరవు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పడావు భూముల్ని బాగుచేసి, కౌలుకు తీసుకుని, జొన్నలూ చిరుధాన్యాలూ పండించారు. చట్టం ఇచ్చిన వాటా కోసం ఎదురుచూసే అవకాశం కూడా వాళ్లకు లేదు, కలిసి సంపాదించుకున్నారు. స్త్రీవాదం అని మనం అనుకునేదానిలో వాళ్ల మాటకు ముందువరసలో చోటు ఉండాలి. ఇప్పటికీ లేదు.

ఆడవాళ్లు హక్కులంటూ కుటుంబాలను కూలుస్తున్నారని అనేవాళ్లకు నాది ఒకే ప్రశ్న. కూతురు వాటా అడిగినంత మాత్రాన కూలిపోయే కుటుంబం అప్పటిదాకా ఎవరి త్యాగం మీద నిలబడింది?

అబ్బాయిలూ, మీ ఇంట్లో పంపకాల మాట వచ్చిన రోజున ముందుగా మీరే నోరు విప్పండి. “అక్క వాటా ఏది?” అని నలుగురిలో అడగండి. అక్క అడిగితే అది తగాదా అంటారు. మీరు అడిగితే అది పంపకం అవుతుంది. ఆ తర్వాత కూడా ఆమెకు ఒడిబియ్యం పోయండి, ఆమె కూతురి పెళ్లిలో నిలబడండి.

అమ్మాయిలూ, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, ఎంత ప్రేమ ఉన్నవాళ్లు ఇచ్చినా సరే. వదులుకోవాలని నిజంగా మీకే అనిపిస్తే అది మీ ఇష్టం. కానీ ఎంత వదులుకుంటున్నారో సర్వే నంబర్లతో సహా తెలుసుకుని వదులుకోండి. వకీలుకు డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సహాయం అందించే కార్యాలయం ఉంటుంది.

వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలారా, మీ పిల్లలను ఒకే ఫీజు కట్టి ఒకేలా చదివించారు. దానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు పోయాక మీ కూతురు పుట్టిల్లు కావాలో వాటా కావాలో తేల్చుకోవలసిన పరిస్థితి రానివ్వకండి. మీరుండగానే, మీ నోటితో, కొడుకు ఎదుట చెప్పండి. చెప్పి కాగితం మీద పెట్టండి.