ఫోనులో సలహా, రోజులో ఖాళీ



అధ్యక్షోపన్యాసం క్లుప్తంగా ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. మైకు చేతికొచ్చాక ఎవరూ పాటించరు. ఒక్క విషయానికే కట్టుబడి ఉంటానని మాత్రం నేను హామీ ఇవ్వగలను. డిప్రెషన్, ఆందోళన లాంటి ఇబ్బందులు పడుతున్న పదిహేను, పదహారేళ్ల పిల్లలకు నిద్ర, తిండి, ఆట విషయంలో ఫోను ద్వారా తోడ్పడాలన్న ఆలోచన ఇప్పుడు బాగా బలపడింది. వైద్యులు అడుగుతున్నారు, ప్రభుత్వాలు అడుగుతున్నాయి, యాప్‌లు తయారుచేసేవాళ్లు సరేసరి. ఆ మాటల్ని తెలుగులో రాసిపెట్టమని మన దగ్గరికి వస్తున్నారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి తరం శాస్త్ర విషయాలను తెలుగు పుస్తకాల్లోకి తెచ్చింది. ఆ పుస్తకాలు తెరిచినవాడు చదవాలని కోరి కూర్చున్నవాడు. మన పాఠకుడికి పొద్దున మంచం మీంచి లేవడమే గండం. ఈ తేడా పట్టించుకోకుండా రాస్తే మన చేతుల్లోంచి వచ్చేది కరపత్రమే.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఇంకా ఎక్కువ: 10–19 ఏళ్లవారిలో ప్రతి ఏడుగురికి ఒకరు. ఏ లెక్క తీసుకున్నా, అరవైమంది ఉన్న ఇంటర్ సెక్షన్‌లో నలుగురైదుగురికి తక్కువ ఉండరు.

మనసు బాగాలేనివాడి ఒంటి గురించి మన వైద్యం చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. తీవ్ర మానసిక రుగ్మత అయిన సైకోసిస్‌కు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా ఒలాంజపిన్, మొదటి నెలల్లోనే బరువు బాగా పెంచుతాయి. సిడ్నీలోని బాండై ప్రాంతంలో కొత్తగా ఆ మందులు మొదలుపెట్టిన 14–25 ఏళ్లవారితో ఒక ప్రయత్నం చేశారు. నర్సు, ఆహార నిపుణులు, వ్యాయామ నిపుణులు కలిసి 12 వారాలు వెంట ఉన్నారు. ఆ తోడు అందినవాళ్లు సగటున 1.8 కిలోలు పెరిగితే, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లు 7.8 కిలోలు పెరిగారు. చిన్న అధ్యయనమే, రెండు వైపులా కలిపి ముప్పై మంది కూడా లేరు. కానీ ఆ నిపుణులు పిల్లలకు సలహాల చీటీ ఇచ్చి పంపేయలేదన్నది గమనించండి. వంట నేర్పారు, పక్కన నిలబడి వ్యాయామం చేయించారు.

ఇక మన వైపు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నీరసం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం, ఊరికే కళ్లు తిరగడం, చదువు మీద విసుగు: వీటిలో ఏది రక్తహీనతో ఏది డిప్రెషనో బయటినుంచి చూసి చెప్పడం నాలాంటి వైద్యులకే కష్టం. చాలాసార్లు రెండూ ఉంటాయి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంచి అడుగున మిగిలిపోవడం మీలో ఉపాధ్యాయులందరూ ఎరుగుదురు. కడుపులో తిప్పుతుందని పిల్లలు వేసుకోరు. భోజనం చేశాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని ఎవరూ చెప్పరు. కౌమారుల మానసిక ఆరోగ్యం పేరుతో వచ్చే తెలుగు సందేశాల్లో శ్వాస మీద ధ్యాస పెట్టమని పదిసార్లు ఉంటుంది, ఈ మాత్ర ఊసు ఒక్కసారీ ఉండదు. మన రాతలు ఎవరి ఇంట్లో పుడుతున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఓట్స్ తినమని, బాదంపప్పు నానబెట్టుకోమని చెప్పే యాప్ హాస్టల్ పిల్లకు ఎందుకు? ఆమె ముందున్నది మెస్‌లో ఉప్మా, పలచటి సాంబారు, పెరుగు, ఆదివారం చికెన్. ఆ పళ్లెంలోంచి ఏది ఇంకొంచెం వేయించుకోవాలో చెప్పగలిగితే చెప్పాలి.

నిద్ర సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ఎందుకంటే అక్కడ తప్పు పిల్లలది కాదు. 13 నుంచి 18 ఏళ్ల మధ్య రోజుకు 8–10 గంటల నిద్ర కావాలని నిపుణుల మాట. ఆ వయసులో నిద్రకు సంకేతమిచ్చే హార్మోన్ మెలటోనిన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా ఊరుతుంది. అందుకే రాత్రి పదకొండు దాకా కునుకు రాదు, పొద్దున ఏడింటికి కళ్లు తెరుచుకోవు. అది బద్ధకం కాదు, ఎదిగే ఒంటి స్వభావం. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలాచోట్ల పొద్దున అయిదింటికో ఇంకా ముందో లేపుతారు. స్టడీ అవర్స్ రాత్రి పది దాటాక గానీ ముగియవు. ఇక ఎనిమిది గంటలు ఎక్కడివి? ఆ పిల్లవాడికి రాత్రి పదిన్నరకు ‘మంచి నిద్ర మంచి మనసుకు పునాది’ అని ఫోనులో సందేశం పంపడం నా దృష్టిలో ఎగతాళి. ఆ సందేశం వెళ్లాల్సింది ప్రిన్సిపాల్‌కు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డిప్రెషన్ అనేది సలహా పాటించే శక్తినే తినేసే జబ్బు. ‘రోజూ గంటసేపు వ్యాయామం చెయ్యాలి’ అన్నది శాస్త్రీయంగా సరైన మాటే. 5–17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కానీ వారం రోజులుగా స్నానం వాయిదా వేస్తున్న పిల్లకు ఈ మాట చేరేది తన మీద ఇంకో ఫిర్యాదులాగే. మనోవైద్యంలో ఇందుకొక పాత పద్ధతి ఉంది. మనసు కుదుటపడ్డాక పని చేద్దాంలే అని ఆగకుండా, చాలా చిన్న పనితో మొదలుపెట్టించడం. పని జరిగితే మనసు దాని వెనకే కొంచెం కదులుతుంది. ‘రాత్రి భోజనం అయ్యాక మెస్ నుంచి గదికి చుట్టూ తిరిగి వెళ్లు. ఈ రోజుకి అంతే. రేపు అడుగుతాను.’ ఈ మూడు వాక్యాల్లో నాకు అన్నిటికంటే విలువైనది చివరిది. అడిగే మనిషి ఉండాలి. మనిషి తోడు లేని ఆన్‌లైన్ కార్యక్రమాలను ఎక్కువమంది మధ్యలోనే వదిలేస్తారన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ అనుభవమే.

అలాగని ఫోనును తీసిపారేయనక్కర్లేదు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్పార్క్స్ అని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. ఏడు అంచెలు. పిల్లవాడు తన బొమ్మను ఒక పాడుబడ్డ లోకంలో నడిపిస్తూ, మీద పడే దిగులు ఆలోచనలను ఎదుర్కొంటూ పోతాడు. 187 మంది 12–19 ఏళ్లవారితో చేసిన పరీక్షలో, మామూలుగా అందే చికిత్సకు ఇది తీసిపోలేదని 2012లో తేలింది. కథలు రాసేవాళ్లు ఈ సభలో ఇంతమంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: అక్కడ పనిచేసింది కథ. గోవాలోని సంగాత్ సంస్థ కూడా మన దేశపు కౌమారుల కోసం కథలతో ఒక ఫోను ఆట తయారుచేసింది. ఆ సంస్థ భాగస్వామిగా ఢిల్లీ బడుల్లో జరిగిన అధ్యయనంలో కొందరు పిల్లలకు బొమ్మల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు, కొందరికి వాటితోపాటు వైద్యులు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లను తోడిచ్చారు. తమను వేధిస్తున్న సమస్యలు బాగా తగ్గాయని చెప్పింది కౌన్సెలర్ ఉన్న పిల్లలే. లక్షణాల స్కోరులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది కూడా దాచకుండా చెప్పుకోవాలి. మనుషులను పెడితే అన్నీ నయమైపోతాయని నేను అనడం లేదు.

ఇంతకీ ఫోను ఎవరిది? మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవారు 54 శాతమేనని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పదహారేళ్ల పిల్ల చేతిలో ఉన్నది చాలా ఇళ్లలో నాన్నదో అన్నదో. హాస్టళ్లలో ఫోన్లు ఆఫీసులో పెట్టుకుంటారు. అవుటింగ్ రోజు తప్ప చేతికి రావు. ‘నీ మూడ్ ఇవాళ ఎలా ఉంది’ అని అడిగే నోటిఫికేషన్ అన్నయ్య కంట పడితే ఏమవుతుందో ఊహించకుండా ఆ వాక్యం రాయకూడదు.

చట్టం దీనికి ఇంకో మెలిక వేసింది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్‌ను వైద్యుడు ఫోనులో చూడాలంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కొన్ని మినహాయింపులు పోను, వాళ్ల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. పిల్లల దిగులును అంగడి సరుకు చేసేవాళ్లను ఆపడానికి ఇది మంచిదే. కానీ తన దిగులుకు ఇంటి గొడవలే కారణమైన పిల్ల ఇంటివాళ్ల అనుమతితోనే సాయం అడగాలంటే ఎలా? దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ప్రస్తుతానికి పేరూ ఊరూ అడగకుండా, ఏ సమాచారమూ దాచుకోకుండా చదువుకునే వీలున్న పేజీలు కొన్నైనా ఉండాలని నా అభిప్రాయం. వాటి పక్కనే టెలి మానస్ నంబరు 14416 ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉన్నారు. చనిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే, నడక గురించీ నిద్ర గురించీ చెప్పే సమయం కాదది. వెంటనే మనిషికి అప్పగించాలి.

యాప్ తయారీదారులతో మనం గట్టిగా వాదించాల్సినవి రెండున్నాయి. కేలరీలు లెక్కపెట్టించవద్దు. తిండితో ఇప్పటికే తగవు పెట్టుకున్న పిల్లలకు అది జబ్బును ముదరబెట్టే పని. వరసగా ఎన్ని రోజులు చేశావో చూపించే ఆ మంట బొమ్మలూ వద్దు. తొమ్మిది రోజులు నడిచి పదో రోజు లేవలేకపోయిన పిల్లవాడికి తెర మీద సున్నా చూపించి మనం సాధించేదేమిటి?

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కోచింగ్ కేంద్రాలకూ హాస్టళ్లకూ వర్తిస్తాయి. ఆ కేసు మన విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థినిది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టే పద్ధతి మానుకోవాలని, టెలి మానస్ లాంటి సహాయ నంబర్లు హాస్టల్లో, తరగతిలో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలని అందులో ఉంది. నేను ఇందాక చెప్పిన ‘రేపు అడుగుతాను’ అనే మనిషి ఈ కౌన్సెలరే కావచ్చు. అతను ఒక్కడే రోజుకు ఎంతమందిని అడగగలడు అన్నప్పుడు ఫోను పనికొస్తుంది. వందమందిలో ఇవాళ ఎవరి దగ్గర కూర్చోవాలో తెలుసుకోవడానికి, సెలవులకు ఇంటికెళ్లినవాళ్లతో మాట తెగకుండా ఉండడానికి. కానీ టైమ్‌టేబుల్లో పిల్లవాడిదంటూ అరగంట కూడా లేకపోతే, ఎంత మంచి తెలుగులో రాసినా మన సందేశం అమలయ్యే చోటు లేదు. అందుకే ఈ సభ తీర్మానాల్లో మొదటిది కాలేజీ యాజమాన్యాలకు రాయాలని ప్రతిపాదిస్తున్నాను: సాయంత్రం గంట ఆట, రాత్రి ఎనిమిది గంటల నిద్ర. యాప్ గురించి రెండో తీర్మానంలో చూద్దాం.

మధ్యాహ్నం సమావేశానికి ఇంటర్ చదువుతున్న కొందరు పిల్లలు, తల్లిదండ్రుల అనుమతితో వస్తున్నారు. మీరు రాసి తెచ్చిన నమూనా సందేశాలు వాళ్ల చేతికిస్తాం, ఎర్రపెన్ను కూడా ఇస్తాం. కొట్టేసిన వాక్యం ఎందుకు కొట్టేశారో అడగండి. అది ఎందుకు ఉండాలో వాదించకండి. మొదటి పత్రం హాస్టల్ మెస్ తిండి మీద. సమర్పకురాలిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. ఆమెకు ఇచ్చిన ఇరవై నిమిషాల్లోంచి నేను తినేసిన కాలాన్ని దయచేసి తగ్గించకండి.