సీసాలోని వెదురుమొక్క



పురిటిబిడ్డను పరుండబెట్టు చేట మొదలు కడపటి పాడె వరకు వెదురు మనల విడువదు. అయినను దాని విత్తనము సులభముగ దొరకునది కాదు. ముళ్ళవెదురు సుమారు 40, 50 ఏండ్ల కొకమారు పూచి, వెదురుబియ్యము రాల్చి, పొదతో సహా ఎండిపోవును. దుంపలు త్రవ్వి నాటుదమన్న వాని మోతయే పెద్ద వ్యయము. అందుచేత కణుపుముక్కను సీసాలో పెంచి, పిలకలను విడదీయుచు వేలకొలది మొక్కలు తీయు పద్ధతి వచ్చినది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు సీసాలోనే వెదురును పూయించిన వార్త 1990లో వెలువడినది.

ఈ పనిలో నేను కొన్నియేండ్లు గడపితిని. సీసాలో మొక్కకు పెట్టు ఆహారమున లీటరుకు 30 గ్రాముల పంచదార యుండును. అది మొక్కకంటె ముందుగ బూజునకు విందు. ఆవకాయజాడీలో తడిచేయి పెట్టి చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆహారమును శుద్ధిచేయుట కష్టము కాదు. 121 డిగ్రీల వేడిగల ఆవిరిలో, 15 పౌనుల ఒత్తిడిని, పావుగంట మొదలు 20 నిమిషములుంచిన చాలును. చిక్కంతయు కణుపుతోనే. దానిని ఉడికింపరాదు గదా! కణుపును కప్పిన పొరక్రింద వాననీరు, దుమ్ము చేరి నిలుచును. కావున వానలలో కోసిన కణుపులు ఎక్కువగ బూజుపట్టును. పొడికాలమున లేత ప్రక్కకొమ్మలనుండి తీసినవి మేలు. పొర యొలిచి, సబ్బునీట కడిగి, సారాయిసత్తులో కొలది క్షణములు ముంచి, పిదప శుద్ధిచేయు మందులో కొన్ని నిమిషము లుంచవలెను. మందు చాలకున్న బూజు మిగులును. మించిన మొగ్గయే మాడును.

ఇంతచేసినను, కణుపు లోపలనే కాపురముండు సూక్ష్మజీవులు కలవు. అవి కడిగిన పోవు. నెలలు గడచిన పిమ్మట మొక్క మొదట గంజితెరవలె తెల్లగ కనబడును.

ఒక యేడు అట్టి తెర నా కంటబడినది. పచ్చగనున్న మొక్కలను పారవేయ మనసొప్పలేదు. క్రొత్తసీసాలకు మార్చితిని. తొందరలో కత్తిని సరిగ మంటలో కాల్చక మంచిమొక్కలను గూడ కోసితిని. నెల తిరుగకమునుపే గది యంతయు చెడినది. గోతులు త్రవ్వుకొని తొలకరికై వేచియున్న రైతులకు ఆ యేడు ఒక్కమొక్క యీయలేకపోతిని. వారు నన్నేమియు అనలేదు. అదియే నాకు మిక్కిలి కష్టముగ నుండెను.

ఇప్పుడు తెర కనబడిన సీసా మూత తీయను. మూతతోనే ఆవిరిలో ఉడికించి, పిదపనే పారబోయింతును.