ఇచ్చిపుచ్చుకునే చదువు

విదేశీ రాయబార కార్యాలయాలు మన యువతకు స్కాలర్‌షిప్పులు, భాషా తరగతులు అందించేది తమ దేశంపై అభిమానం పెంచడానికే కదా అని కొందరు శంకిస్తారు. అందులో స్వప్రయోజనం ఉన్న మాట నిజమే. అయితే ఆ ప్రయోజనం ఇరువైపులా ఉండేలా చూసుకోవచ్చు. భారత్, అమెరికా 1950లో ఒప్పందం చేసుకుని మొదలుపెట్టిన ఫుల్‌బ్రైట్ విద్యా మార్పిడి కార్యక్రమమే ఇందుకు సాక్ష్యం. 2008 నాటి కొత్త ఒప్పందంతో మన ప్రభుత్వం ఖర్చులోనూ సమాన భాగస్వామి అయింది; ఫుల్‌బ్రైట్-నెహ్రూ అన్న పేరు అలా వచ్చింది. దాన్ని నడిపే బోర్డులో రెండు దేశాల సభ్యులూ ఉంటారు. మనవాళ్లు అక్కడికి వెళ్లినట్టే, అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు ఇక్కడికీ వస్తారు.

ఇలాంటి అవకాశాలు నగరాల్లో చదివినవారికే అందుతాయన్న విమర్శను కొట్టిపారేయలేం. అందుకే జిల్లా కళాశాలలు సమాచారం చేరవేయాలి, దరఖాస్తు రాయడం నేర్పాలి. అర్హత ఉన్న ఏ విద్యార్థీ తెలియక వెనకబడకూడదు.