బీరువాకు రెండు గంటలు, బిడ్డకు రెండు నిమిషాలు

(మేడ్చల్, శామీర్‌పేట ఊర్ల కార్యకర్తల కూడికలో చేసిన ఉపన్యాసం)



భూమి గురించి, కూలి గురించి, మన మీద చెయ్యి చేసుకున్న దొర గురించి గంటల కొద్దీ మాట్లాడుతం. ఆలుమగలు విడిపోయిన ముచ్చట వస్తే మాత్రం "అది ఇంటి పంచాయితి, సంఘానికెందుకు" అంటం. ఇయ్యాల నేను ఆ ముచ్చటే ఎత్తుకుంటున్న. అందులో కూడా ఆలుమగల తప్పొప్పులు పక్కకు పెట్టి, వాళ్ల నడుమ నలిగే పిల్లల గురించే మాట్లాడుత.

మన వాడల్ల ఇడుపు ఎట్ల అయితదో మీకు తెల్వనిది కాదు. రెండు దిక్కుల పెద్దమనుషులు కూసుంటరు. పెట్టిన బంగారమెంత, బండికిచ్చిన పైసలెన్ని, మంచమెవరికి, బీరువా ఎవరికి అని పొద్దుగూకేదాక లెక్క నడుస్తది. దండుగ తేలుతది. అంతా అయినంక ఎవరికో యాదికొస్తది: "మరి పిల్లలో?" "మగపిలగాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి." అంతే, లేస్తరు. బాండు పేపరు మీద "ఇకమీద పిల్లల ఖర్చు అడుగను" అని రాసి ఆ తల్లితోని వేలిముద్ర పెట్టిస్తరు.

ఆ చివరి మాట చెల్లదు. తన మనోవర్తి సంగతి ఆమె ఏమన్నా ఒప్పుకోనియ్యి, బిడ్డ తిండి, బిడ్డ చదువు వదులుకునే అధికారం తల్లికి లేదు. పెద్దమనుషులకు అసలే లేదు. బిడ్డ హక్కు వేరే.

పంచాయితే వద్దని నేను అంటలేను. కోర్టుకు పోతే ఒక్కో వాయిదాకు ఒక్కో కూలి పోతది. తుర్కపల్లి కంపెనీల కాంట్రాక్టు కింద ఊడ్చే ఆమె నెలకు రెండు వాయిదాలు తిరిగితే పని ఉంటదా? కులాచారం ప్రకారం ఇడుపు ఉన్న కాడ దాన్ని 1955 హిందూ వివాహ చట్టం కూడా తీసేయలేదు. కాకపోతే ఆ ఆచారం ఉన్నదని కోర్టుల రుజువు చెయ్యాలె. నేనడిగేది, ఆ గద్దె మీద అందరూ మొగోళ్లే ఎందుకు కూసోవాలె? కన్నతల్లి దూరంగ చెట్టుకింద కొంగు కప్పుకోని ఎందుకు నిలబడాలె? మన సంఘం అక్కలు ఇద్దరన్నా గద్దె మీద లేని పంచాయితికి మన కార్యకర్త పోవద్దు.

బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఒక కారణం హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనియ్యకపోవడం. పెండ్లి, విడాకులు, ఆస్తి తోపాటు పిల్లల సంరక్షణ కూడా ఆ బిల్లులో ఉండె. ముక్కలు ముక్కలుగ తర్వాత చట్టాలైనయి. 1956 చట్టం ప్రకారం అయిదేండ్ల లోపు పిల్లలు మామూలుగ తల్లి దగ్గర్నే ఉండాలె. అయిదు దాటితే తండ్రికే అనుకునేరు, అట్ల లేదు. ఎవరి దగ్గర ఉంటే బిడ్డకు మంచిగుంటదో అదే అన్నిటికన్న ముందు చూడాలని ఆ చట్టమే చెప్పింది. చర్చికి పోయే మనోళ్లకు ఈ 1956 చట్టం వర్తించదు గాని 1890 నాటి గార్డియన్ల చట్టం అన్ని మతాలకు ఉన్నది, అదీ బిడ్డ మంచినే చూడమంటది.

తెలివి వచ్చిన పిల్లల ఇష్టం కూడా కోర్టు తెలుసుకోవచ్చు. పంచాయితిల ఇది ఎంత అన్యాయంగ నడుస్తదో చూడండి. ఏడెనిమిదేండ్ల పిలగాణ్ని నూరుమంది నడుమ నిలబెట్టి "అమ్మ కావాల్నారా, అయ్య కావాల్నారా" అంటరు. అయ్య కండ్లెర్రజేసి చూస్తుంటడు. అమ్మ ఏడుస్తుంటది. వాడు ఎటు చూపినా రెండో దిక్కు జన్మంత మర్చిపోరు. అడగాల్సింది ఉంటే చదువు చెప్పే టీచరమ్మో, నమ్మకమున్న అక్కనో పక్కకు తీసుకపోయి మెల్లగ అడగాలె. ముందుగాల "నువ్వు బడికి ఎట్ల పోతున్నవ్, రాత్రి ఎక్కడ పంటున్నవ్" అని అడిగితే సగం సంగతి తెలుస్తది.

"అప్పుడప్పుడు చూసుకుంటడు" అని రాస్తే కొట్లాటకు విత్తనం పెట్టినట్టే. ఏ ఆదివారం, ఎన్ని గంటలకు, ఎవరి ఇంటికాడ, దసరాకు ఎవరి దగ్గర, క్రిస్మస్‌కు ఎవరి దగ్గర, అన్నీ రాయాలె. తాగి కొట్టేటోడైతే సంఘం మనిషి ఎదుటనే కలవాలని రాయాలె. తల్లికి ప్రమాదముంటే 2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగ ఆమె దగ్గర ఉంచమని ఆర్డరియ్యొచ్చు.

ఇంకొకటి, మనోళ్లకే తగిలే దెబ్బ: కుల సర్టిఫికెట్. కంపెనీల్ల పనిచేసే పిల్లలు కులాలు దాటి పెండ్లిళ్లు చేసుకుంటున్నరు, మంచిదే. విడిపోయినంక బిడ్డకు స్కాలర్‌షిప్ కావాలంటే తండ్రి కాయితం తెమ్మంటరు. ఆ తండ్రేమో పత్తా ఉండడు. 2024 డిసెంబరుల సుప్రీంకోర్టు ముందుకు ఇట్లాంటిదే వచ్చింది. తండ్రి దళితుడు, తల్లి కాదు, పిల్లలిద్దరు తల్లి దగ్గర. విడాకులిస్తూ, ఆరు నెలల్ల పిల్లలకు ఎస్సీ సర్టిఫికెట్లు తండ్రే తెచ్చియ్యాలని, పీజీ దాక చదువు ఖర్చు పెట్టుకోవాలని చెప్పింది. తల్లి మనామె, తండ్రి పైకులపోడు అయితే? తండ్రి కులమే బిడ్డ కులమని కండ్లు మూసుకోని చెప్పొద్దని అదే కోర్టు 2012లో ఒక ఆదివాసీ తల్లి కొడుకు కేసుల తేల్చింది. తల్లి వాడల పెరిగి, ఆ అవమానాలే పడ్డడని చూపెడితే తల్లి కులం దక్కుతది. అందుకే బడి రికార్డు, రేషన్ కార్డు, వాడల పెరిగిన రుజువులు మొదటినుంచే దాచిపెట్టుకోవాలె.

ఖర్చు ఎగ్గొట్టినోడి మీద బిడ్డ తరఫున తల్లి కేసు వెయ్యొచ్చు. మునుపటి 125 సెక్షన్ ఇది. 2024 జులై నుంచి కొత్త చట్టంల 144 అయింది. వకీలుకు పైసలు లేవని జంకకండి. 1987 చట్టం కింద ఎస్సీలకు, ఆడోళ్లకు, పిల్లలకు సర్కారే ఉచితంగ వకీలును పెట్టియ్యాలె, ఆదాయంతోని పని లేదు. 15100కు ఫోన్ కొడితే చాలు. మంచి ఒప్పందమైతే లోక్ అదాలత్‌ల పెట్టి అవార్డు చేయించండి, దానికి కోర్టు డిక్రీ అంత బలముంటది. (మన శామీర్‌పేటలనే నల్సార్ లా యూనివర్సిటీ ఉన్నది. దేశమంతటి పిల్లలు వచ్చి ఈ చట్టాలే చదువుతరు. గోడకు ఇవతల మనం ఇంకా వేలిముద్రలే పెడుతున్నం.)

వచ్చే కూడికకు మీ మీ వాడల్ల రాసుకున్న ఇడుపు కాయితాలు తీసుకరండి. పేర్లు బయట చదవం. "పిల్లల ఖర్చు అడుగను" అని రాసి ఉన్నవి ముందుగాల వేరు చేద్దం, వాటితోనే మొదలుపెడుదం.